కాకులు తోలిన చరిత్రకారుడు

ముందే చెబుతున్నాను, ఇది నవ్వుల కథే. నలుగురిలో మొదటిసారి చెప్పినప్పుడు ఒక మండపం నిండా జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. కొంప మునగడమంటే ఏమిటో ఆ తర్వాత తెలిసింది. నా కొంప మునిగినా ఇంత బాధ ఉండేది కాదు. మునిగింది నాకు కడుపునిండా సంగటి పెట్టిన ఒక ముసలామె కొంప. కాబట్టి నవ్వదలుచుకున్నవాళ్ళు ముందుభాగంలోనే నవ్వేసుకోండి. వెనకభాగానికి నేను హామీ ఉండలేను.

మాది మదనపల్లె. ఒక ప్రైవేటు కాలేజీలో కామర్సు చెబుతాను. వారమంతా జమాఖర్చుల పాఠం చెప్పిన పాపానికి, ఆదివారం వచ్చిందంటే నేను మనిషిని కాను. పాడుబడ్డ గుడి, పడిపోయిన బురుజు, విరిగిన శాసనం, ఎక్కడేది ఉందని చెవిన పడినా బస్సెక్కాల్సిందే. పుంగనూరులో జమీందారుల నాటి గోడలు తడిమి తడిమి చేతులకు సున్నం అంటించుకున్నాను. చౌడేపల్లె దారిలో చేలగట్ల మీద బోర్లా పడిన రాళ్ళను ఒక్కదాన్ని వదలకుండా తిరగేశాను. వాటి కింద ఎక్కువగా తేళ్ళే ఉండేవి.

మా ఆవిడ నన్ను ఒక్క ముక్కలో తేల్చేసింది. "ఈయప్పకు బతికినోళ్ళతో పనిల్యా. సచ్చి రాయైనాకనే పలకరిస్తాడు" అని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పేది. నేను దాన్ని మెచ్చుకోలు కింద జమ వేసుకునేవాణ్ణి.

ఆ రోజుల్లో నాకొక మహత్తరమైన ఆలోచన పుట్టింది. మదనపల్లె నుంచి కుప్పం దాకా ఉన్న వీరగల్లులన్నిటినీ ఫోటోలు తీసి పుస్తకం వేయాలని. వీరగల్లంటే ఏమిటో మీకు తెలిసే ఉంటుంది. వెనకటి కాలంలో దొంగలు ఊరి పశువులను తోలుకుపోతుంటే, అడ్డం పడి పోరాడి చచ్చిన మనిషికి ఊరివాళ్ళు నిలబెట్టిన రాయి. కింద కత్తి ఎత్తిన వీరుడు, వెనక ఆవులు, పైన అతణ్ణి స్వర్గానికి ఎత్తుకుపోయే దేవకన్యలు. మన పక్క ఇలాంటివి చాలా ఉన్నాయి. జనం వాటిని వీరప్ప అని పిలుస్తారు, పసుపు పూస్తారు, కొన్నిచోట్ల వాటికే బర్రెను కట్టేస్తారు.

కుప్పానికి ఇవతల ఒక ఊళ్ళో, గుట్ట కింద గట్టు మీద, చెక్కుచెదరని వీరప్ప ఉన్నాడని తెలిసింది. ఊరి పేరు చెప్పను. ఎందుకు చెప్పనో తర్వాత మీకే తెలుస్తుంది. ముందురోజే కుప్పం చేరి, లాడ్జిలో నల్లులతో పోరాడి, పొద్దున్నే ఆటోలో ఆ గుట్ట వెనక దిగాను. రాతిమీది బొమ్మలు బాగా కనబడాలంటే పొద్దుటి ఏటవాలు ఎండలో తీయాలి. పొద్దు నెత్తికెక్కితే వీరుడూ, ఆవూ, దేవకన్యా అన్నీ ఒకే రొట్టె అయిపోతాయి. అందుకే అంత హడావుడి.

వీరప్పను చూడగానే నా గుండె ఆగిపోయినంత పనైంది. నా ఎత్తు రాయి. మీసం వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. వెనక పొట్టి పొట్టి ఆవులు, అచ్చం పుంగనూరు ఆవుల్లాగే. సెకండ్‌హ్యాండులో కొన్న కెమెరా తీసి కన్ను ఆనించాను. సరిగ్గా అప్పుడు ఒక కాకి వచ్చి వీరప్ప నెత్తిమీద వాలింది.

"హుష్!" అన్నాను. పోలేదు. పైగా దేవకన్య మొహం మీద తెల్లగా ఒక చుక్క రాల్చింది. నాకు ఒళ్ళు మండింది. గులకరాయి తీసి విసిరాను. కాకి లేచింది, ఇంకోటి వచ్చింది. దాన్ని కొడితే రెండు వచ్చాయి. అవన్నీ వీరప్ప నెత్తిమీదే వాలి, అటువైపు ఉన్న పెద్ద బండ అవతలికి మెడలు సాచి చూస్తున్నాయి. ఆ బండ అవతల ఏముందో చూడాలన్న బుద్ధి చరిత్రకారుడికి పుట్టాలా వద్దా? నాకు పుట్టలేదు. జేబుల నిండా రాళ్ళు నింపుకున్నాను. చిన్నప్పుడు మామిడికాయలు కొట్టిన గురి ఎక్కడికీ పోలేదని ఆ పొద్దు రుజువైంది. బండ అవతలనుంచి గాలికి తెరలు తెరలుగా మాటలు వినబడుతున్నాయి. "రా నాయనా, రా... యాల రావూ..." అని ఎవరో గొంతు చించుకుంటున్నారు. తప్పిపోయిన దూడను పిలుస్తున్నారనుకుని నా పనిలో నేను పడ్డాను.

అట్లా ఎంతసేపు తోలానో తెలియదు. మంచి ఫోటో ఒకటి పడింది, ఇంకొకటి పడితే బాగుండునని ఆశ. అప్పుడు బండ పక్కనుంచి ఒక ముసలామె వచ్చింది. సన్నటి మనిషి. కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. నన్ను చూసింది, నా చేతిలో రాయి చూసింది.

"ఎవురప్పా నువ్వు? ఈడేం జేస్తాండావు?"

"మదనపల్లె నుంచి వచ్చినానమ్మా. వీరప్పను ఫోటో తీస్తాండాను."

"రాయి యాల పట్టుకోనుండావు?"

"ఈ కాకులమ్మా! ఒకటే పీడ. ఫోటోకు అడ్డమొస్తాండాయి. పొద్దున్నుంచీ తోలి తోలి చెయ్యి పడిపోయింది."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత మెల్లగా అంది, "మా ఆయప్ప పోయి ఈపొద్దుకు మూడోనాడు. ఆ బండకవతల పూడ్సినాము. పాలు పోసి, కూడు పెట్టి, కాకి కోసరం పొద్దున్నుంచీ కాసుకోనుండాము. నా కొడుకులు పచ్చి నీళ్ళు తాగల్యా."

నా చేతిలోంచి రాయి జారి నా కాలిమీదే పడింది. నొప్పి కూడా తెలియలేదు. చచ్చిపోయిన మనిషికి పెట్టిన కూడును కాకి ముడితేనే ఆ మనిషికి తృప్తి అయినట్టని పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చూసినవాణ్ణి. కాకి రాకపోతే ఆయనకేదో తీరని కోరిక ఉన్నట్టు. అప్పుడు ఇంటివాళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి, నీకేం కావాలో చేస్తాం, వచ్చి ముట్టు అని మాటిస్తారు. మా తాత దినంలో కాకి రాక, ఆయన దాచుకున్న చుట్టల కట్ట తెచ్చి పెట్టేదాకా మేమూ ఇట్లాగే మాడాం. అన్నీ తెలిసి కూడా ఒక కుటుంబం గుండెలమీదికి నేను రాళ్ళు విసురుతూ కూర్చున్నాను.

"అమ్మా, నా పాపం పండింది, తెలీక చేసినాను" అని ఆమె కాళ్ళు పట్టుకోబోయాను. ఆమె వెనక్కి జరిగి, ఒకసారి బండవైపు తిరిగి చూసి, నా చెవి దగ్గరికి వచ్చింది.

"అరవగాకు. పెద్దోడు మాటిచ్చేసినాడు. చిన్నోడు ఇంకా నోరు తెరవల్యా. ఇంకొంచేపు తోలప్పా."

నేను సరిగ్గా విన్నానో లేదో అనుకున్నాను.

"ఏందమ్మా?"

"కాకుల్ని. తోలమంటాండాను."

అప్పుడు చెప్పింది. ఆమె పేరు మునెమ్మ. పోయినాయన చెంగప్ప. ఆ గుట్టా, గుట్ట కింద చేనూ వాళ్ళదే. క్వారీ వాళ్ళు చాలాకాలంగా అడుగుతున్నారు, కొడుకులిద్దరూ ఇచ్చేద్దామనే కూర్చున్నారు. చెంగప్ప బతికున్నన్నాళ్ళూ ఒప్పుకోలేదు. "నేనుండేది ఈడనే, పోయినాక పండుకునేదీ ఈడనే" అని కడదాకా అంటూనే పోయాడు.

"నేనేం సదువుకున్నదాన్నా? నా మాట వాళ్ళు ఇంటారా?" అంది మునెమ్మ. "వాళ్ళ నాయన మాటే వినాల. ఆయప్ప బతికుండంగా వినల్యా. ఇప్పుడు కాకి రాలేదని బయపడతాండారు. ఆ బయం పోకముందే చిన్నోడు గూడా అనేయాల. నేను అట్లా పోయి ఏడుస్తాంటా. నేను చెయ్యి ఎత్తినానంటే నిలిపెయ్యి."

ఇట్లా నేను చరిత్రకారుడి ఉద్యోగంనుంచి కాకులు తోలే ఉద్యోగానికి మారాను. అబద్ధమెందుకు, ఈ ఉద్యోగమే నాకు ఎక్కువ నచ్చింది. వీరప్ప ఆవులకోసం చచ్చాడు, నేను గుట్టకోసం కాకులతో యుద్ధం చేస్తున్నాను, ఇద్దరికీ పెద్ద తేడా ఏముందనుకున్నాను. బండ వారన దాక్కుని అవతలికి తొంగి చూశాను. కొత్త మట్టి దిబ్బ. దానిమీద విస్తరిలో సంగటి, వడలు, కోడికూర, పక్కన బీడీ కట్ట. దూరంగా చుట్టాలు. పెద్దకొడుకు గోవిందప్ప నేలమీద చతికిలబడి ఉన్నాడు. చిన్నకొడుకు శీనప్ప చేతులు కట్టుకుని రాయిలాగా నిలబడి ఉన్నాడు.

మునెమ్మ పోయి అందుకుంది. "ఓయప్పా! నీ చిన్నకొడుకు మీదే గదా నీ కోపం! నీకేం కావాల్నో వానికి తెలుసు గదా! నువ్వు ఆకలికి ఒక్క గడియ ఆగేటోడివా?"

ఆ ఏడుపు అబద్ధం కాదు. కొడుకుని వంచాలనీ ఏడుస్తోంది, మొగుడు పోయాడనీ ఏడుస్తోంది. వింటుంటే నా కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి, చేత్తో రాళ్ళు విసురుతూనే ఉన్నాను. అంత దిక్కుమాలిన పని నా జన్మలో చేయలేదు.

పొద్దు బాగా ఎక్కింది. శీనప్ప ఒక్కసారిగా దిబ్బమీద పడ్డాడు.

"సరే నాయనా! గుట్ట జోలికి పోను! ఎవురికీ ఇయ్యను! నువ్వు ఈడనే పండుకో, నిన్నెవురూ లేపరు! వచ్చి తిను నాయనా!"

మునెమ్మ చెయ్యెత్తింది. నేను జేబులో రాళ్ళన్నీ కింద పోసి, తంగేడు చెట్ల మధ్య బోర్లా పడుకున్నాను. కాకులైతే రాలేదు. నా గురి అంత గొప్పది మరి. ఆకాశం ఖాళీ. మునెమ్మ మొహం పాలిపోవడం అంత దూరంనుంచీ నాకు కనబడింది. చాలాసేపటికి ఒకే ఒక్క కాకి భయపడుతూ భయపడుతూ వచ్చి, దిబ్బచుట్టూ నడిచి, వడ ముక్క నోట కరుచుకుని లేచింది. చుట్టాలందరూ గొల్లుమన్నారు. నేనూ చెట్లలో పడి ఏడ్చాను.

ఆ మధ్యాహ్నం వాళ్ళింట్లో పంక్తిలో నాకూ విస్తరి వేశారు. "యాడనుంచొచ్చినారు సార్? వీరప్ప కోసరమా?" అని శీనప్ప మర్యాదగా అడిగి, నా ఫోన్ నంబరు తీసుకున్నాడు. మునెమ్మ నా విస్తట్లో అడగకుండానే ఇంకో ముద్ద వేసింది. బయల్దేరేటప్పుడు గడపదాకా వచ్చి, "ఈ మాట ఎవురికీ చెప్పగాకప్పా" అంది. "నా తల్లి మీద ఒట్టు" అన్నాను.

మీలో నవ్వగలిగినవాళ్ళు నవ్వి ఉంటే, ఇక చాలు.

నా కడుపులో మాట ఎన్నాళ్ళు దాగుతుంది? మా ఆవిడకు బస్సు దిగీ దిగగానే చెప్పాను. అది ఒట్టు కిందికి రాదనుకున్నాను, పెళ్ళాం మనలో సగమే కదా. కాలేజీలో ఇద్దరికి చెప్పాను. వాళ్ళు నవ్వారు. ఎట్లా చెబితే ఇంకా ఎక్కువ నవ్వుతారో నాకు మెల్లగా తెలిసివచ్చింది. మునెమ్మ గొంతును అనుకరించడం నేర్చుకున్నాను.

కొన్ని నెలలకు పుంగనూరులో ఒక పెళ్ళిమండపంలో, మన ప్రాంత చరిత్రమీద సభ పెట్టారు. నన్నూ మాట్లాడమన్నారు. నా ముందు మాట్లాడినాయన పాలెగాళ్ళతో మొదలుపెట్టి ఎవ్వరినీ వదిలిపెట్టలేదు. నా వంతు వచ్చేసరికి వంటశాలలోంచి తాలింపు వాసన, జనం సగం నిద్ర, సగం ఆకలి. నేను వీరగల్లుల శిల్పం గురించి చెబుతుంటే ముందువరసలో ఒక పెద్దాయన గురక పెట్టాడు. నాకు పౌరుషం వచ్చింది.

"అయ్యా, ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను" అని కాకుల కథ ఎత్తుకున్నాను. గురక ఆగింది. వంటవాళ్ళు గరిటెలతో సహా బయటికొచ్చి నిలబడ్డారు. "ఇంకొంచేపు తోలప్పా" అని మునెమ్మ గొంతుతో అనేసరికి మండపం ఎగిరిపోయింది. జాగ్రత్తపరుణ్ణి కదా, ఊరి పేరు చెప్పలేదు. మనుషుల పేర్లూ చెప్పలేదు. "అది మాత్రం ప్రాణం పోయినా చెప్పను" అని గుండెమీద చెయ్యివేసుకుని మరీ చెప్పాను. నా వెనక గోడమీద, తెరనిండా, ఆ వీరప్ప ఫోటో నిలబడి ఉంది. పక్కన గుట్ట, కింద చేను. కుప్పం పక్కవాళ్ళు చీకట్లో చూసినా గుర్తుపడతారు.

సభలో ఎవరో ఫోన్‌లో వీడియో తీశారు. నేను మదనపల్లె చేరేలోపే అది కుప్పం చేరింది.

మర్నాడు నేను క్లాసుకు పోబోతుంటే ఫోన్ వచ్చింది.

"సార్, నేను శీనప్పను. మీ వీడియో సూసినా సార్."

నేను వరండా చివరికి నడిచాను.

"బాగా చెప్పినారు సార్. నాక్కూడా నవ్వొచ్చింది. మా అమ్మకు గూడా సూపించినా."

"అమ్మ... ఏమన్నాది శీనప్పా?"

"ఏమీ అన్ల్యా. అమ్మ నవ్వల్యా సార్."

కాలేజీలో గంట కొట్టారు.

"మా నాయన అలిగినాడనుకుని ఆ పొద్దు నేను పసిబిడ్డ మాదిరి ఏడిస్తి సార్. ఆ మాట నాయనకిచ్చినాననుకుంటి. మీకిచ్చినానని తెలవదు. ఉంటా సార్."

నేను ఆ రోజే బస్సెక్కి పోయి కాళ్ళావేళ్ళా పడి ఉండాల్సింది. పోలేదు. పోతే ఏ మొహంతో పోవాలి? వారం వారం పోదామనుకోవడం, ఆదివారం రాగానే తలనొప్పి రావడం. తర్వాత శీనప్ప క్వారీ వాళ్ళతో ఒప్పుకున్నాడని తెలిసింది. గోవిందప్ప తమ్ముడిమీద నెపం పెట్టి తానూ తల ఊపాడట. కాకులను కొట్టి గద్దలకు వేసినట్టు అంటారు మనవాళ్ళు. కొట్టడం నా వంతుగా కానిచ్చాను. గద్దలు లారీలు వేసుకుని వచ్చాయి.

ఏడాది తిరిగింది. శీనప్ప నుంచి మళ్ళీ ఫోన్. "నాయన ఏడాది దినం సార్. అమ్మ మిమ్మల్ని రమ్మంటాండాది. యాలనో నాకు తెలవదు."

ఈసారి కెమెరా తీసుకుపోలేదు. గుట్ట సగం లేదు. ఉన్న సగం పచ్చిపుండులాగా ఉంది. తంగేడు చెట్లమీద, దారిమీద, చెంగప్ప దిబ్బమీద అంతా తెల్లటి రాతిపొడి. నా వీరప్పను గట్టుమీదనుంచి పెకలించి క్వారీ గేటు పక్కన నిలబెట్టారు. భక్తి ఉన్నవాళ్ళే, మీసాలకు నల్లరంగూ, పంచెకు పసుపురంగూ వేశారు. ఆవులకోసం ప్రాణమిచ్చిన మనిషి ఇప్పుడు లారీలకు కాపలా కాస్తున్నాడు.

దిబ్బమీద విస్తరి వేసి ఉంది. సంగటి, వడలు, కోడికూర. మునెమ్మ నన్ను చూసి, "వచ్చినావా అప్పా, కూర్చో" అంది, అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే నేను కాస్త గాలి పీల్చుకునేవాణ్ణి. అందరం దూరంగా జరిగి కాకికోసం కాచుకున్నాం. వీరప్ప పాత చోటుమీద ఏ కాకీ లేదు. చెట్లమీదా లేదు. ఆకాశంలోనే లేదు.

"మందు పేల్చబట్టినాక ఈ పక్క ఒక్క కాకి గూడా రావడంల్యా" అన్నాడు గోవిందప్ప నేలచూపులు చూస్తూ.

ఎండ ఎక్కింది. చుట్టాలు ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. మునెమ్మ లేచి నా దగ్గరికి వచ్చింది.

"ఆ పొద్దు తోలింది నువ్వేగదా అప్పా" అంది. ఎత్తిపొడుపు కాదు. పక్కింటివాణ్ణి నిచ్చెన అడిగినట్టు అడిగింది. "ఒక్క కాకిని పిలు. నీకు తెలిసినట్టుగా పిలు. మాటగీటా ఇంకేం వద్దు. ఆయప్ప ఒక ముద్ద తింటే సాలు."

నేను లేచాను. కాలేజీలో మైకు లేకుండా పాఠం చెప్పే గొంతు నాది. బండమీదికెక్కి నిలబడి రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుని, "కా... కా..." అని అరిచాను. మీరు ఇప్పుడు నవ్వొచ్చు. పట్టపగలు, ప్యాంటూ షర్టూ వేసుకున్న కామర్సు మాస్టరు, బండమీద నిలబడి కాకిలా కూస్తున్నాడు. అక్కడ ఎవరూ నవ్వలేదు. గొంతు పోయేదాకా అరిచాను. కాసేపటికి నా పక్కనుంచి ఇంకో గొంతు కలిసింది. చూస్తే శీనప్ప. కండువా నోట్లో కుక్కుకుని ఏడుస్తూ, మధ్యమధ్యలో తీసి, "కా... నాయనా... కా..." అంటున్నాడు.

క్వారీలో ఈల వేశారు. మందు పేలింది. బండ కిందనుంచి అదిరింది. విస్తరిమీద పొడి ఇంకొంచెం రాలింది.

పొద్దు వాలేదాకా చూసి, విస్తట్లో సంగటిని మునెమ్మ తానే తీసుకుపోయి ఆవుకు పెట్టింది. ఆవు పొడి ఊదుకుని ఊదుకుని తిన్నది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి మంచితనాన ఒక ఊరికి గుట్ట లేకుండా పోయింది. అందుచేత ఇంతమంది పాఠకుల సాక్షిగా, తూర్పు తిరిగి, స్నానం చేసి, చేతిలో నీళ్ళు పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట కాకిని తోలను. తోలినా ఎవరికీ చెప్పను. చెప్పినా మునెమ్మ గొంతుతో చెప్పను. మరి ఇప్పుడు మాకెందుకు చెప్పావయ్యా అంటారా? ఇప్పుడెంతమందికి చెప్పినా భయం లేదు. ఆ పక్క చెడగొట్టడానికి ఇంకేం మిగల్లేదు.